గేరుబాక్సు ఆయిలుకు తరుగు లేదు. మట్టం తగ్గితే లీకు వున్నట్టే

సరుకు నిల్వలో తరుగు సహజం. మిర్చి ఎండినా, వేరుశనగలో తేమ పోయినా, బెల్లం నీరు కారినా తూకంలో తేడా వస్తుంది. ఎంత తరుగు న్యాయమో, ఎక్కడ దాటితే అనుమానించాలో ప్రతి వర్తకునికీ అనుభవం మీద తెలుసు. వాహనం ఇంజనులోని ఆయిల్ కూడా ఈ కోవకే చెందుతుంది. అది పిస్టన్ల ప్రక్కనుంచి కొద్దికొద్దిగా కాలిపోతుంది కనుక కొంత తగ్గటం మామూలే. కాని అదే వాహనంలోని గేరుబాక్సు ఆయిల్ ఈ లెక్కలోకి రాదు. గేరుబాక్సులో మంట లేదు. ఆయిల్ కాలదు, చెప్పుకోదగినంతగా ఆవిరి కూడా కాదు. దానికి తరుగు లేదు. మట్టం తగ్గిందంటే ఆయిల్ ఎక్కడో బయటకు పోతున్నదన్న మాట.

ఈ తేడా గుర్తించకపోవటం వల్లనే చాలామంది నష్టపోతున్నారు. ఆయిల్ తగ్గిందని మెకానిక్కు చెప్పగానే మరి కాస్త పోయించి సరిపెడుతున్నారు. పోసినది మళ్లీ పోతుంది. ఇంజను ఆయిలుకైతే చాలా వాహనాల్లో ప్రెషరు దీపం వుంటుంది. మామూలు చేతి గేర్ల కార్లలో గేరుబాక్సు ఆయిలుకు ఏ దీపమూ వెలగదు. చప్పుడు వినిపించే వేళకు లోపల బేరింగులు, పళ్లు అరిగిపోయి వుంటాయి. రెండు లీటర్లు మించని ఆయిల్ విషయంలో చేసిన అశ్రద్ధకు గేరుబాక్సు మొత్తం దింపించవలసి వస్తుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు గుంటూరు యార్డుకు మిర్చి రాబడి ముమ్మరంగా వుండే రోజుల్లో బస్తాలు చేరవేసే వ్యాను, శాంపుళ్లతో పల్లెలు తిరిగే కారు వారం రోజులు షెడ్డులో నిలిచిపోతే కలిగే నష్టం రిపేరు బిల్లుతో ఆగదు.

ఆయిల్ చేసే పని

చేతి గేర్ల బాక్సుల్లో చాలావాటికి ఆయిలును పైకి తోడే పంపు లేదు. అడుగున వున్న గేర్లు ఆయిల్‌లో సగం మునిగి తిరుగుతాయి. ఆ తిరుగుడుకు ఆయిల్ చిందుతూ పైనున్న గేర్లను, బేరింగులను తడుపుతుంది. కనుక మట్టమే ఇక్కడ కీలకం. మట్టం కొంత తగ్గినా క్రింది గేర్లు తడుస్తాయి గాని పైనున్న బేరింగుకు చిందు అందదు. ముందుగా దెబ్బతినేది అదే. బాక్సులో ఆయిల్ ఇంకా సగం వుంది కదా అని ధైర్యపడటం పొరపాటు.

ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి ఘాటు దిగే అలవాటు ఇందువల్లనే ప్రమాదకరం. వెనుక చక్రాలు తిరిగే వాహనాల్లో ఆయిల్ చిందించే లే షాఫ్టును ఇంజనే త్రిప్పుతుంది. ఇంజను ఆగితే ఆ షాఫ్టు కూడా ఆగుతుంది. కాని చక్రాలు తిరుగుతున్నంత సేపూ పై షాఫ్టు తిరుగుతూనే వుంటుంది. అంటే ఆయిల్ అందకుండా తిరుగుతుందన్న మాట. వెనుక చక్రాలు నేలమీద వుండగా దూరప్రయాణం తాడు కట్టి లాగించుకు వెళ్లినా జరిగేది ఇదే. అలాంటప్పుడు ప్రొపెల్లర్ షాఫ్టు విప్పించటమో, వెనుక చక్రాలు పైకెత్తి లాగించటమో మేలు. బ్రేకులకు, స్టీరింగుకు ఇంజను సాయం లేకుండా పోవటం దీనికి తోడయ్యే మరో ప్రమాదం.

మట్టం చూసే పద్ధతి

ఎక్కువ గేరుబాక్సులకు డిప్‌స్టిక్ వుండదు. బాక్సు ప్రక్కన ఒక ప్లగ్గు వుంటుంది. ఆయిల్ పోసేదీ, మట్టం చూసేదీ అక్కడే. ఆ రంధ్రం క్రింది అంచుకు ఆయిల్ సమంగా వుంటే మట్టం సరిగా వున్నట్టు. అడుగున వుండే మరో ప్లగ్గు ఆయిల్ దించటానికి మాత్రమే. ఈ రెంటిలో ఏది ఏదో తేల్చుకున్న తరువాతే స్పానరు చేతబట్టాలి.

వాహనం సమతలం మీద వుండాలి. ముందు చక్రాలను మాత్రమే జాకీతో ఎత్తి చూస్తే బాక్సు వాలిపోయి మట్టం తప్పుగా కనిపిస్తుంది. త్రాసు వంకరగా పట్టి తూచటం వంటిదే ఇది. సర్వీసు స్టేషనులోని పిట్టు మీదగాని, నాలుగు చక్రాలనూ సమంగా ఎత్తే లిఫ్టు మీదగాని చూడటం ఉత్తమం. ఒక్క జాకీ ఆధారంతో బండి క్రిందికి దూరటం ప్రాణాపాయం.

ఇంజను ఆపి కొంతసేపు ఆగిన తరువాతే ప్లగ్గు విప్పాలి. తిరిగి వచ్చిన వెంటనే చూస్తే ఆయిల్ కొంత గేర్లకు, గోడలకు అంటుకుని వుంటుంది. మట్టం తక్కువగా కనిపిస్తుంది. మరోవంక వేడి ఆయిల్ వ్యాకోచిస్తుంది. ప్రతి 10 డిగ్రీల సెంటిగ్రేడుకు ఆయిల్ పరిమాణం సుమారు 0.7 శాతం పెరుగుతుంది. రెండు లీటర్ల ఆయిల్ 40 డిగ్రీలు వేడెక్కితే సుమారు 55 మిల్లీలీటర్లు ఎక్కువగా కనిపిస్తుందన్న మాట. ఒకసారి వేడిగా, మరొకసారి చల్లగా చూసి పోల్చటం వల్ల లాభం లేదు. ఉదయం బండి తీయకముందు, చల్లగా వున్నప్పుడు చూడటం అలవాటు చేసుకుంటే లెక్క నిలకడగా వుంటుంది. కంపెనీ పుస్తకంలో వేరే సూచన వుంటే దానినే పాటించాలి.

ప్లగ్గు చుట్టూ వున్న మట్టిని ముందుగా గుడ్డతో తుడవాలి. తుడవకుండా విప్పితే ఆ ఇసుక గేర్ల మధ్యకు పోతుంది. విప్పగానే ఆయిల్ సన్నగా కారి ఆగితే మట్టం సరిపోయినట్టు. ఏమీ కారకపోతే వేలు లోపలికి పెట్టి క్రిందికి వంచి చూడాలి. అంచు దగ్గరే తడి తగిలితే చింత లేదు. వేలి కణుపు లోతు దిగినా తగలకపోతే తగ్గినట్టే. వేలు పెట్టేముందు ఇంజను ఆగి వున్నదనీ, బాక్సు వేడిగా లేదనీ చూసుకోవాలి.

ఆయిల్ మార్చేటప్పుడు ముఖ్యమైన నియమం ఒకటుంది. పోసే ప్లగ్గు విప్పిన తరువాతే దించే ప్లగ్గు విప్పాలి. పోసే ప్లగ్గు తుప్పు పట్టి బిగుసుకుపోతే, ఆ సంగతి పాత ఆయిల్ అంతా దించేశాక తెలిస్తే, బండి అక్కడే పడివుంటుంది. సరుకు చేతికి రాకముందే సొమ్ము చెల్లించటం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

అన్ని బాక్సులూ ఒకటి కావు

వెనుక చక్రాలు తిరిగే అంబాసిడర్ వంటి కార్లలో గేరుబాక్సు ఆయిల్ వేరు, వెనుక ఇరుసులోని క్రౌన్ ఆయిల్ వేరు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయినా ఈ అమరిక గల వాహనాలు తక్కువేమీ కావు. 2005లో వచ్చిన టాటా ఏస్ వంటి చిన్న సరుకు వాహనాలకు కూడా వెనుక ఇరుసు వుంది. వీటిలో మట్టం రెండు చోట్లా చూడాలి. ఒకటి చూసి రెండవది మరవటం తరచు జరుగుతున్నది.

ముందు చక్రాలు తిరిగే కార్లలో గేరుబాక్సు, డిఫరెన్షియల్ ఒకే పెట్టెలో వుంటాయి. 1983 డిసెంబరులో విడుదలై 2014 వరకు తయారైన మారుతి 800 ఈ తరహాదే. ఇక్కడ రెంటికీ ఒకే ఆయిల్. ఆయిల్ తగ్గితే రెండూ కలిసే దెబ్బతింటాయి. బ్రిటనులో 1959లో వచ్చిన మినీ కారులోనైతే ఇంజనుకు, గేరుబాక్సుకు కలిపి ఒకే ఆయిల్ వాడారు. ఒక బండి పద్ధతి మరొక బండికి వర్తించదని చెప్పటానికి ఇది చాలు.

కొన్ని కొత్త బాక్సుల్లో పోసే రంధ్రం ఒకచోట, సరియైన మట్టం అంతకంటె క్రిందా వుంటాయి. అటువంటివాటిలో అంచు వరకు నింపితే ఎక్కువవుతుంది. పాత ఆయిల్ పూర్తిగా దించి, కంపెనీ చెప్పిన కొలత ప్రకారం కొత్తది పోయటమే వీటికి మార్గం. క్లచ్ పెడల్ లేకుండా తనంతట తానే గేరు మార్చుకునే ఏఎంటీ కార్లు మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో వ్యాప్తిలోకి వచ్చాయి. వీటిలో లోపలి గేరుబాక్సు మామూలుదే, గేర్ ఆయిలూ వుంటుంది. గేరు మార్చే హైడ్రాలిక్ యంత్రానికి మాత్రం వేరే ద్రవం వుంటుంది. ఒకదాని బదులు మరొకటి పోయరాదు.

తగ్గితే ఎక్కడ వెదకాలి

రాత్రి బండి నిలిపేచోట ఒక అట్టముక్క పరచి ఉదయం చూడటం అన్నిటికంటె చవకైన పరీక్ష. మరక ఎక్కడ పడిందో చూసి ఆయిల్ ఎక్కడనుంచి వచ్చిందో చాలావరకు తేల్చవచ్చు. గేర్ ఆయిలుకు గంధకం కలిసిన ఘాటైన వాసన వుంటుంది గనుక ఇంజను ఆయిల్ మరకనుంచి వేరు చేయటం కష్టం కాదు.

దించే ప్లగ్గు దగ్గర తడి వుంటే వాషరు మార్చితే సరిపోవచ్చు. చక్రాలకు పోయే షాఫ్టులు బాక్సులో దూరేచోట తడి వుంటే అక్కడి ఆయిల్ సీలు పోయినట్టు. గేరు లివరు కడ్డీ దగ్గర కూడా సీలు వుంటుంది. ఇంజను, గేరుబాక్సు కలిసేచోట అడుగునుంచి చుక్కలు పడితే జాగ్రత్త పడాలి. అది ఇంజను వెనుక సీలైనా కావచ్చు, గేరుబాక్సు ముందు సీలైనా కావచ్చు. రెండవదైతే ఆయిల్ క్లచ్ ప్లేటు మీదికి చేరవచ్చు. అప్పుడు ఇంజను పరుగెత్తినా లోడుతో వున్న బండి ఎత్తు ఎక్కలేదు. సీలు ఖరీదు తక్కువే. దానిని ఉపేక్షిస్తే క్లచ్ ప్లేటు కూడా మార్చవలసి వస్తుంది.

చుక్కలే కదా అని తేలిక చేయరాదు. 20 చుక్కలు ఒక మిల్లీలీటరుగా లెక్క వేస్తే, రోజుకు 40 చుక్కలు పడే బాక్సులోనుంచి రెండు మిల్లీలీటర్లు పోతాయి. నెలకు 60, ఏడాదికి 720 మిల్లీలీటర్లు. రెండు లీటర్ల బాక్సులో అది మూడోవంతుకు పైమాటే. ఏడాదిపాటు ఎవరూ ప్లగ్గు విప్పి చూడకపోతే పై బేరింగులు ఎండిపోవటానికి ఇంతకన్న పెద్ద లీకు అక్కరలేదు.

పెరిగితే మరీ అనుమానించాలి

తరుగు లేని సరుకు పెరగటం కూడా వుండదు. బండి సమతలం మీద వుండగా ప్లగ్గు విప్పగానే ఆయిల్ ధారగా వస్తే ఎవరో ఎక్కువైనా పోసి వుండాలి, నీరైనా చేరి వుండాలి. ఎక్కువ పోసిన ఆయిల్ గేర్ల తాకిడికి నురుగెత్తి వేడెక్కుతుంది. గాలి గొట్టంనుంచి, సీళ్లనుంచి బయటకు తోసుకు వస్తుంది. నిండుగా పోస్తే మేలనే నమ్మకంలో నిజం లేదు. అంచుకు మించినది కారిపోయేవరకు ఆగి, తరువాతే ప్లగ్గు బిగించాలి.

ఆయిల్ పాలవలె తెల్లబారి వుంటే నీరు కలిసినట్టు. గేరుబాక్సుకు గాలి రాకపోకలకు చిన్న గొట్టం వుంటుంది. వేడెక్కిన బాక్సు హఠాత్తుగా నీటిలో మునిగితే లోపలి గాలి చల్లారి ముడుచుకుని ఆ గొట్టంగుండా, సీళ్లగుండా నీటిని లోపలికి లాగుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు అనేక వాహనాలు నీటిలో నిలిచిపోయాయి. అటువంటి వరదలో చిక్కిన బండిని ఇంజను స్టార్టయిందన్న కారణంతో రోడ్డెక్కించరాదు. గేరుబాక్సు, క్రౌన్ రెండింటి ఆయిలూ చూడాలి. నీరు కలిసిన ఆయిలుకు మరికొంత ఆయిల్ కలిపితే బాగుపడదు. మొత్తం దించి కొత్తది పోసి, కొద్ది దూరం నడిపి మళ్లీ చూసుకోవాలి. రంగు మళ్లీ తెల్లబారితే ఇంకొకసారి మార్చక తప్పదు.

ఏ రకం పోయాలి

గేర్ ఆయిల్ డబ్బా మీద రెండు గుర్తులు ప్రధానంగా చూడాలి. ఒకటి చిక్కదనం, రెండవది రకం. 90 అని వుండటంచేత అది 40 నంబరు ఇంజను ఆయిల్ కంటె రెండింతలకు పైగా చిక్కనిదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. గేర్ ఆయిల్ నంబర్లు వేరే కొలమానానికి చెందినవి. 100 డిగ్రీల వేడి దగ్గర 90 నంబరు గేర్ ఆయిల్ చిక్కదనం 40, 50 నంబర్ల ఇంజను ఆయిళ్లకు దగ్గరగానే వుంటుంది. ప్రత్తి ధర కాండీకి చెప్పినప్పుడు, క్వింటాలుకు చెప్పినప్పుడు అంకెలు వేరుగా వున్నట్టే ఇదీను. కాండీ 355.6 కిలోలని తెలిసిన వర్తకుడు అంకె చూసి మోసపోడు. 80డబ్ల్యు-90 అన్నప్పుడు మొదటి అంకె చలిలో ఆయిల్ ప్రవర్తనకు, రెండవది వేడిలో చిక్కదనానికి గుర్తు.

రకం విషయంలో జీఎల్-4, జీఎల్-5 అన్నవి తరచు కనిపిస్తాయి. జీఎల్-5లో తీవ్రమైన ఒత్తిడిని తట్టుకునే గంధకం, భాస్వరం మందులు ఎక్కువ. వెనుక ఇరుసులో క్రౌన్, పినియన్ పళ్లు ఒకదానిమీద ఒకటి జారుతూ ఒరుసుకుంటాయి కనుక అక్కడ అది అవసరం. గేరుబాక్సు సంగతి వేరు. గేరు మార్చేటప్పుడు రెండు గేర్ల వేగాన్ని సమం చేసే సింక్రోమెష్ రింగులు చాలా బాక్సుల్లో ఇత్తడి వంటి లోహంతో చేసినవి. అవి పట్టుకోవాలంటే కొంత ఒరిపిడి వుండాలి. మరీ జారుడైన ఆయిల్ పోస్తే రింగు పట్టు తప్పి గేరు పడేటప్పుడు గరగరలాడుతుంది. కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని మందులు వేడిలో ఆ లోహాన్ని తినివేయవచ్చు కూడా. అంకె పెద్దది కనుక సరుకు మేలైనదని గేరుబాక్సులో పోయరాదు. కంపెనీ జీఎల్-4 అంటే జీఎల్-4, ఇంజను ఆయిల్ అంటే ఇంజను ఆయిలే. కొన్ని బాక్సులకు కంపెనీలు నిజంగానే ఇంజను ఆయిల్ సూచించాయి. డ్రమ్ములోనుంచి విడిగా కొలిచి ఇచ్చే గుర్తులేని ఆయిలుకు ఏ హామీ వుండదు.

పాత వాహనం బేరంలో

పాత బండి కొనేవారు గేరుబాక్సు ప్లగ్గు విప్పించి చూడకుండా బేరం ముగించరాదు. బండి అంతా దుమ్ముకొట్టుకుని వుండి గేరుబాక్సు అడుగు మాత్రం కడిగినట్టు మెరుస్తుంటే లీకు దాచటానికి కడిగారేమోనని అనుమానించాలి. కొంత దూరం నడిపి, కొంతసేపు నిలిపి మళ్లీ అడుగు చూడాలి. అరిగిన గేర్ల చప్పుడు వినిపించకుండా అతి చిక్కని ఆయిల్ పోయటం, రంపపు పొట్టు కలపటం పాత వాహనాల వ్యాపారంలో బహుకాలంగా తెలిసిన మోసాలు. శాంపులు తీసినట్టే కొద్దిగా ఆయిల్ తెల్లకాగితం మీద వేసి చూస్తే పొట్టు, లోహపు రజను బయటపడతాయి. అయస్కాంతం వున్న ప్లగ్గుకు మెత్తని బూడిదరంగు ముద్ద కొద్దిగా అంటుకుని వుండటం మామూలు అరుగుదలే. చేతికి గుచ్చుకునే ముక్కలు కనిపిస్తే పళ్లో, బేరింగో విరిగినట్టు.

చప్పుడు కూడా కొంత చెబుతుంది. న్యూట్రల్‌లో క్లచ్ వదిలినప్పుడు వినిపించే మూలుగు క్లచ్ నొక్కగానే ఆగిపోతే గేరుబాక్సు ముందు బేరింగును అనుమానించాలి. ఒక్క గేరులోనే చప్పుడు వస్తే ఆ గేరు పళ్లను చూపించాలి. ఆయిల్ సరిపడా పోసిన తరువాత కూడా చప్పుడు నిలిచి వుంటే నష్టం అప్పటికే జరిగిపోయింది. ఆ మేరకు ధర తగ్గించి అడగటమో, బేరం వదులుకోవటమో కొనుగోలుదారు నిర్ణయించుకోవాలి.

లెక్క రాసుకోవాలి

మట్టం చూసిన ప్రతిసారీ తేదీ, కిలోమీటరు రీడింగు, ఎంత పోసిందీ వాహనం చిట్టాలో రాయించటం అవసరం. సీసాతో కొలిచి పోస్తేనే ఈ లెక్కకు విలువ. ఈసారి 150 మిల్లీలీటర్లు పోశారనుకుందాం. వెయ్యి కిలోమీటర్ల తరువాత మళ్లీ చూడాలి. ఏమీ పట్టకపోతే లోగడ ఎవరో తక్కువ పోసి వుండవచ్చు, అంతటితో సరి. మళ్లీ 100 పడితే లీకు సాగుతున్నట్టే, సీలు మార్చక తప్పదు. చిట్టా లేకపోతే ఈ రెంటికీ తేడా తెలియదు. డ్రైవరు మారినప్పుడు, మెకానిక్కు మారినప్పుడు పాత సంగతి చెప్పేది ఆ కాగితమే.

ఇంజను ఆయిల్ మార్పించిన ప్రతిసారీ గేరుబాక్సు ప్లగ్గు కూడా విప్పించి చూడటం సులువైన ఏర్పాటు. బండి అప్పటికే పిట్టు మీద వుంటుంది కనుక పట్టే సమయం అయిదు నిమిషాలు మించదు. మొత్తం ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో ఆయా కంపెనీల పుస్తకాల్లో వుంది. బరువు మోసే బండ్లకు, ఘాట్ల మీద తిరిగే బండ్లకు ఆ గడువు తక్కువగా వుంటుంది. మిర్చి, పసుపు, ప్రత్తి యార్డులకు సరుకు చేర్చే వాహనాలకు సీజను మొదలయ్యే ముందే ఈ తనిఖీ ముగించుకోవటం మంచిది. రాబడులు ఊపందుకున్న తరువాత బండి ఖాళీగా దొరకటం కష్టం.